వాగు లోయ వెంట జలపాతానికి బయలుదేరే ముందు

ఆస్ట్రేలియా అడవుల్లో వాగు వెంట పైకి నడిచి మారుమూల జలపాతాన్ని చేరదలచినవారు ముందుగా వాతావరణ సూచన చూసుకోవాలి. మనమున్న చోట ఎండ కాస్తున్నా, ఎగువన కురిసిన వాన ఇరుకు లోయలో చూస్తుండగానే వరదై ముంచుకురావచ్చు. తేటగా పారుతున్న నీరు ఉన్నట్టుండి మట్టిరంగుకు తిరిగినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, ఒడ్డున పెట్టిన సామాను కోసం వెనక్కి చూడకుండా గట్టెక్కాలి.

వెళ్లే దారినీ తిరిగివచ్చే వేళనూ ఇంట్లో ఒకరికి రాసి ఇవ్వాలి. లోయలో ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోలేము గనుక, ఉపగ్రహం ద్వారా ఆపద సంకేతం పంపే పీఎల్‌బీ పరికరాన్ని ముందే రిజిస్టర్ చేయించి వెంట ఉంచుకోవాలి. అవసరమైతే ఆకాశం బాగా కనబడే చోట దాన్ని ఆన్ చేయాలి. ఫోన్ సిగ్నల్ దొరికితే అత్యవసర సేవల నంబరు 000 కు ఫోన్ చేయవచ్చు.

బండల మీదుగా సాగే నడకలో మామూలు దారిలో గంట పట్టే దూరానికి రెండు మూడు గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు. అందువల్ల జలపాతం కనుచూపు మేరలో ఉన్నా సరే, ముందుగా అనుకున్న వేళకు వెనుదిరగాలి. ఇది చాలామందికి మింగుడుపడని నియమం. పొడిగా నల్లగా కనిపించే నాచు తడి తగలగానే సబ్బులా జారుతుంది గనుక, బరువు మోపే ముందు ప్రతి రాయినీ కాలితో నొక్కి చూడాలి.

పాము కాటుకు వాడే వెడల్పాటి సాగే కట్టు బ్యాగులో అడుగున కాక పైనే ఉండాలి. కాటును కడగకూడదు, కోయకూడదు. కాలంతా బిగువుగా కట్టి, కదలకుండా ఉంచి, సాయం వచ్చేదాకా నడిపించకూడదు. జలపాతం కింది మడుగులో లోతు తెలియకుండా దూకవద్దు.