ఎస్‌వీఎన్ సర్వర్‌లోని కోడ్‌ను గిట్‌తో ఇటూ అటూ నడపడం ఎలా?

మా పాత ఆఫీసులో కోడంతా సబ్‌వర్షన్ (పొట్టిగా ఎస్‌వీఎన్, కోడ్‌లో చేసిన మార్పుల చరిత్రను దాచే సాఫ్ట్‌వేర్) సర్వర్ మీదే ఉండేది. బిల్డ్ స్క్రిప్టులు, రిలీజ్ నోట్సు, ఆడిటర్లకు పంపే పట్టికలు అన్నీ "రివిజన్ నంబరెంత?" అన్న ఒక్క ప్రశ్న మీద నడిచేవి. అందుకే దాన్ని కదిలించే ధైర్యం ఎవరూ చేయలేదు. కొత్తగా చేరినవాళ్లకేమో అదే పని ఇంకో తీరులో చేసే గిట్ తప్ప ఇంకోటి చేతికి రాదు. చివరికి సర్వర్‌లో ఎస్‌వీఎన్ అలాగే ఉండిపోయింది, మా ల్యాప్‌టాపుల్లోకి గిట్ వచ్చింది. రెండింటికీ మధ్య వంతెన గిట్‌తోపాటు ఉండే గిట్-ఎస్‌వీఎన్. ఎరిక్ వాంగ్ పెర్ల్‌లో రాసిన పనిముట్టు ఇది. దాంతో రెండేళ్లు నెట్టుకొచ్చాం. ఒకసారి మాత్రం చెయ్యి బాగా కాలింది. ఆ సంగతి కింద వస్తుంది.

కమాండ్లను ఇక్కడ నోటితో పలికినట్టే రాస్తున్నాను. టెర్మినల్‌లో ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో కొట్టుకోండి.

ముందుగా తేల్చుకోవాల్సింది: అసలు లెక్క ఎవరిది?

ఎస్‌వీఎన్ అంటే కొట్లో గల్లాపెట్టె పక్కన ఉండే ఒకే ఒక్క చిట్టా లాంటిది. ఎవరు ఏం రాసినా అందులోనే రాయాలి, పేజీకి వరుస నంబరు పడుతుంది. గిట్‌లో అందరి దగ్గరా చిట్టా మొత్తానికి నకలు ఉంటుంది. వరుస నంబర్లుండవు. దాని బదులు ప్రతి కమిట్‌కూ (చిట్టాలో నమోదు చేసిన ఒక్కో మార్పుకూ) 40 అక్షరాల హ్యాష్ ఉంటుంది. కోడ్, కమిట్ మెసేజ్, రాసినవారి పేరు, సమయం, ముందరి కమిట్, ఇవన్నీ కలిస్తే ఆ హ్యాష్ పుడుతుంది. మెసేజ్‌లో ఒక్క అక్షరం మారినా హ్యాష్ మొత్తం మారిపోతుంది. ఈ ముక్క గుర్తుంచుకోండి, తర్వాత వచ్చే తలనొప్పులు చాలావరకు ఇక్కడ పుట్టినవే.

అందుకే నా మొదటి సలహా ఇది: ఎస్‌వీఎన్‌నే అసలు లెక్కగా ఒప్పుకోండి, గిట్‌ను మీ సొంత నోటుపుస్తకంలా వాడండి. రెండువైపులా సమాన అధికారం ఇస్తే ఎవరి మాట చెల్లాలో ఏ రోజుకారోజు గొడవే.

పనిముట్టు, పేర్ల జాబితా

ఉబుంటు, డెబియన్‌లలో గిట్-ఎస్‌వీఎన్ విడి ప్యాకేజీ. ఆప్ట్‌తో వేసుకోవాలి. మ్యాక్‌లో హోమ్‌బ్రూలోనూ అదే పేరుతో విడిగా దొరుకుతుంది. విండోస్‌లో అయితే "గిట్ ఎస్‌వీఎన్ --వెర్షన్" కొట్టి చూడండి. అక్కడ ఇది నత్తనడక నడుస్తుంది కాబట్టి పెద్ద రిపో (కోడ్, దాని చరిత్ర ఉండే చోటు) అయితే డబ్ల్యూఎస్ఎల్‌లోకి (విండోస్‌లోనే లినక్స్ నడిపే ఏర్పాటులోకి) వెళ్లిపోవడం మేలు.

ఎస్‌వీఎన్‌లో కమిట్ చేసినవారికి లాగిన్ పేరు మాత్రమే ఉంటుంది, గిట్‌కు పూర్తి పేరూ ఈమెయిలూ కావాలి. "ఎస్‌వీఎన్ లాగ్ -క్యూ" కొడితే వచ్చే పేర్లన్నీ ఏరి ఒక టెక్స్ట్ ఫైల్‌లో పెట్టండి. లైనుకొకరు చొప్పున లాగిన్ పేరు, ఈక్వల్ గుర్తు, అసలు పేరు, కోణపు బ్రాకెట్లలో ఈమెయిల్. ఆ ఫైల్ ఎక్కడుందో గిట్ కాన్ఫిగ్‌లో "ఎస్‌వీఎన్.ఆథర్స్‌ఫైల్" అన్న కీకి గ్లోబల్‌గా ఇచ్చేస్తే ప్రతిసారీ చెప్పక్కర్లేదు. జాబితాలో లేని పేరు తగిలితే క్లోన్ (రిపోను చరిత్రతో సహా మన మెషీన్‌లోకి దించడం) అక్కడికక్కడే ఆగిపోతుంది. కంగారు పడకండి. పేరు చేర్చి మళ్లీ ఫెచ్ (సర్వర్ నుంచి మిగతావి తెచ్చే కమాండ్) కొడితే ఆగినచోటి నుంచే సాగుతుంది.

టీమ్‌లో అందరూ ఇదే ఫైల్ వాడాలి. అవే ఆప్షన్లు, అదే జాబితా ఉంటే ఇద్దరు వేర్వేరుగా క్లోన్ చేసినా హ్యాష్‌లు ఒకేలా వస్తాయి. జాబితాలో ఒకరి ఈమెయిల్ తేడాగా ఉన్నా, ఆ కమిట్ దగ్గర నుంచి ఇద్దరి చరిత్రలూ రెండు దారులు పడతాయి.

క్లోన్

రిపోలో ట్రంక్ (ముఖ్యమైన కోడ్), బ్రాంచెస్ (విడి పాయలు), ట్యాగ్స్ (రిలీజు గుర్తులు) అనే మామూలు ఫోల్డర్లుంటే కమాండ్ చిన్నదే:

గిట్ ఎస్‌వీఎన్ క్లోన్ -ఎస్ రిపో-చిరునామా ఫోల్డర్-పేరు

ఫోల్డర్ల పేర్లు వేరైతే -ఎస్ తీసేసి -టీ (పెద్దక్షరం), -బీ, -టీ (చిన్నక్షరం) అనే మూడింటితో ట్రంక్, బ్రాంచిలు, ట్యాగులు ఎక్కడున్నాయో విడివిడిగా చెప్పాలి. పాత వ్యాసాల్లో "--నో-మెటాడేటా" కనిపిస్తుంది. ఎస్‌వీఎన్‌కు శాశ్వతంగా దండం పెట్టి గిట్‌కు మారిపోయేవాళ్లకే అది. మనం తిరిగి కోడ్ పంపాలి కాబట్టి దాని జోలికి పోవద్దు. ప్రతి కమిట్ మెసేజ్ చివర "గిట్-ఎస్‌వీఎన్-ఐడీ" అని ఒక లైన్ పడుతుంది. చిరునామా, రివిజన్ నంబరు అందులోనే ఉంటాయి. చూడ్డానికి చెత్తలా ఉన్నా ఆ లైనే వంతెనకు మేకు.

క్లోన్‌కు ఎంతసేపు పడుతుందో వర్డ్‌ప్రెస్ ప్లగిన్ రాసేవాళ్లనడగండి. వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్ ప్లగిన్లన్నీ నేటికీ ఒకే ఎస్‌వీఎన్ రిపోలో ఉంటాయి. రివిజన్లు 30 లక్షలు దాటాయి. మీ బుజ్జి ప్లగిన్‌కు కమిట్లు నలభయ్యే ఉన్నా, గిట్-ఎస్‌వీఎన్ రివిజన్ 1 నుంచి మొదలుపెట్టి ఒక్కో విడతకు 100 చొప్పున లాగ్ వెతుకుతుంది. అంటే సర్వర్‌ను 30,000 సార్లు తలుపు తట్టడం. ఆ రోజుకు కంప్యూటర్ మీది కాదు. దీనికి విరుగుడు రెండు మెట్లు. ఎస్‌వీఎన్ లాగ్‌లో మీ ప్లగిన్ పుట్టిన రివిజన్ నంబరు చూసి, క్లోన్‌కు -ఆర్ తర్వాత ఆ ఒక్క నంబరే ఇవ్వండి. ఆ తర్వాత ఫోల్డర్‌లోకి వెళ్లి:

గిట్ ఎస్‌వీఎన్ ఫెచ్ --లాగ్-విండో-సైజ్=10000

విడతకు పదివేల చొప్పున దూకుతుంది కాబట్టి టీ తాగి వచ్చేలోపు అయిపోవచ్చు. వర్డ్‌ప్రెస్‌వాళ్లు ఇంకోటి గమనించాలి: బ్యానర్లు, స్క్రీన్‌షాట్లు ఉండే అసెట్స్ ఫోల్డర్ ట్రంక్ బయట ఉంటుంది. ఇలా చేసిన క్లోన్‌లోకి అది రాదు. దాన్ని నేరుగా ఎస్‌వీఎన్‌తోనే చూసుకోవాలి.

క్లోన్ అయ్యాక "గిట్ ఎస్‌వీఎన్ షో-ఇగ్నోర్" ఇచ్చే జాబితాను డాట్ గిట్ ఫోల్డర్‌లో ఇన్ఫో కింద ఉన్న ఎక్స్‌క్లూడ్ ఫైల్‌లో చేర్చండి. అప్పుడు గిట్‌ఇగ్నోర్ ఫైల్ పొరపాటున ఎస్‌వీఎన్‌లోకి దూరదు. ఖాళీ ఫోల్డర్లను గిట్ లెక్కలోకి తీసుకోదు. ఎస్‌వీఎన్ ఎక్స్‌టర్నల్స్‌ను (వేరే చోటి నుంచి తెచ్చి కలుపుకునే ఫోల్డర్లను) గిట్-ఎస్‌వీఎన్ తెచ్చిపెట్టదు. మీ బిల్డ్ వాటి మీద ఆధారపడితే ఆ ఏర్పాటు మీరే చేసుకోవాలి.

రోజువారీ పని

పొద్దున్నే వచ్చి "గిట్ ఎస్‌వీఎన్ రీబేస్" కొట్టాలి. నిన్న సాయంత్రం నుంచి ఎస్‌వీఎన్‌లో పడినవన్నీ తెచ్చి, మీ కమిట్లను వాటి పైన పేరుస్తుంది. చేతిలో సగంలో ఉన్న మార్పులుంటే ముందుకు కదలదు. వాటిని స్టాష్ చేసి (తాత్కాలికంగా పక్కన దాచి), రీబేస్ అయ్యాక మళ్లీ తీసుకోండి. ఇక మామూలు గిట్టే: బ్రాంచి తీసుకోండి, పదిసార్లు కమిట్ చేయండి, తుడిచి మళ్లీ రాయండి. ఇదంతా మీ ఇంటి గొడవ, ఎస్‌వీఎన్‌కు తెలియదు.

పంపే ముందు ఇల్లు సర్దుకోవాలి. ఎస్‌వీఎన్ చరిత్ర ఒకే గీత. గిట్‌లోలా రెండు పాయలు కలిసిన గుర్తు అందులోకి వెళ్లదు. కాబట్టి బ్రాంచిని మర్జ్ చేయకుండా, మాస్టర్ (గిట్‌లో ముఖ్యమైన బ్రాంచి) మీద రీబేస్ చేయండి, లేదా "మర్జ్ --స్క్వాష్"తో ఒకే కమిట్‌గా కలపండి. "టైపో సరిచేశా", "అయ్యో మళ్లీ" లాంటి మెసేజ్‌లు అవతల శాశ్వతంగా ఉండిపోతాయని గుర్తుంచుకోండి. వర్డ్‌ప్రెస్‌లో ఇది మరీ ముఖ్యం. అక్కడి ఎస్‌వీఎన్ రిలీజులు పెట్టడానికే ఉంది, ప్రతి కమిట్‌కూ జిప్ ఫైళ్లు మళ్లీ తయారవుతాయి. ఇరవై చిల్లర కమిట్లు అక్కడ గుమ్మరించకూడదు.

డీకమిట్: ఒళ్లు దగ్గర పెట్టుకుని

పంపే కమాండ్ "గిట్ ఎస్‌వీఎన్ డీకమిట్". దానికి ముందు ఎప్పుడూ ఇదొకటి కొట్టండి:

గిట్ ఎస్‌వీఎన్ డీకమిట్ --డ్రై-రన్

ఏమీ పంపదు. "కమిటింగ్ టు" అని ఒక చిరునామా, కింద వెళ్లబోయే కమిట్లు చూపిస్తుంది. ఆ చిరునామా చివర ట్రంక్ ఉందా, ఏదైనా బ్రాంచి పేరుందా అని కళ్లతో చదవండి. కోడ్ ఎక్కడికి పోవాలో గిట్-ఎస్‌వీఎన్ మీ చరిత్రలో అన్నిటికన్నా దగ్గరగా ఉన్న గిట్-ఎస్‌వీఎన్-ఐడీ లైన్ చూసి తేల్చుకుంటుంది. ఒక ఎస్‌వీఎన్ బ్రాంచి నుంచి తెచ్చిన కమిట్లు మాస్టర్‌లోకి నేరుగా జరిగివస్తే, ట్రంక్‌కు అనుకున్నది బ్రాంచిలోకి పోతుంది. రిలీజ్ బ్రాంచిలో అనుకోని కోడ్ పడిన రోజు ఏం జరుగుతుందో వేరే చెప్పాలా?

డీకమిట్ మీ ఒక్కో కమిట్‌నూ ఒక్కో రివిజన్‌గా పంపుతుంది, ఆ నంబరును మెసేజ్ చివర రాసి కమిట్‌ను మళ్లీ తయారు చేస్తుంది. మెసేజ్ మారింది కదా, హ్యాష్ కూడా మారుతుంది. మా చెయ్యి కాలింది ఇక్కడే. రివ్యూ కోసమని నా ఏడు కమిట్లను ముందు మా గిట్ సర్వర్‌కు పుష్ చేశాను (అంటే పంపాను). తర్వాత డీకమిట్ చేశాను. మర్నాడు తోటి డెవలపర్ పుల్ కొడితే (గిట్ సర్వర్ నుంచి తెచ్చి కలుపుకుంటే) పాత హ్యాష్‌లతో ఏడు, కొత్త హ్యాష్‌లతో ఏడు, మొత్తం పద్నాలుగు, మధ్యలో ఒక మర్జ్. అతను అది చూడకుండా తన పనితో కలిపి డీకమిట్ కొట్టేశాడు. విప్పుకోవడానికి ఆ మధ్యాహ్నమంతా పట్టింది.

మీకూ అలా అయితే మర్జ్ చేయకండి. డీకమిట్ చేసిన మాస్టర్‌ను గిట్ సర్వర్‌లో ఉంచి, మిగతావాళ్లను ఫెచ్ చేసి దానిమీద రీబేస్ కొట్టమనండి. మార్పు అచ్చంగా అదే అయితే హ్యాష్ వేరైనా గిట్ గుర్తుపట్టి రెండోదాన్ని వదిలేస్తుంది. అసలు రాకుండా ఉండాలంటే నియమం ఒక్కటే: గిట్-ఎస్‌వీఎన్-ఐడీ లైన్ లేని కమిట్ గిట్ సర్వర్ మాస్టర్‌లోకి వెళ్లకూడదు. రివ్యూకి కావాలంటే విడి బ్రాంచిలో పెట్టండి, పని కాగానే తీసేయండి.

ఇంకో చిక్కు పైకి కనపడదు. మీరు తయారవుతుండగా వేరొకరు అదే ఫైల్‌ను మార్చి ఉంటే ఎస్‌వీఎన్ "అవుటాఫ్ డేట్" అని తిప్పికొడుతుంది. వాళ్లు మార్చింది వేరే ఫైల్ అయితే మాత్రం నోరు మెదపకుండా తీసేసుకుంటుంది. అంటే మీ ఫైళ్లూ వాళ్ల ఫైళ్లూ కలిసిన ఆ కోడ్‌ను లోకంలో ఎవరూ ఒక్కసారి కూడా నడిపి చూడలేదన్నమాట. అందుకే డీకమిట్‌కు ఐదు నిమిషాల ముందు మళ్లీ రీబేస్, మళ్లీ టెస్టులు.

టీమ్ పెద్దదైతే

అందరి చేతికీ డీకమిట్ ఇవ్వకండి. ఒక మెషీన్‌ను వంతెనగా పెట్టి, క్రాన్‌తో పది నిమిషాలకోసారి ఎస్‌వీఎన్ నుంచి తెచ్చి గిట్ సర్వర్‌కు పుష్ చేయించండి. ఒక విడత ముగియకముందే ఇంకోటి మొదలు కాకుండా ఎఫ్‌లాక్ వేయండి. గిట్ వైపువాళ్లు పుల్ రిక్వెస్టులు (తమ మార్పులు కలపమనే విన్నపాలు) పంపుతారు, ఒప్పుకున్నవాటిని ఆ మెషీన్ నుంచి ఒకరు డీకమిట్ చేస్తారు. ఆ "ఒకరు" సెలవు పెడితే ఇంకొకరికి పాస్‌వర్డ్ తెలిసి ఉండాలి, అంతే. ఈ తంటా వద్దనుకుంటే సర్వర్‌లోనే రెండువైపులా నడిపే సబ్‌గిట్ లాంటివి ఉన్నాయి. ఎస్‌వీఎన్ బదులు పెర్ఫోర్స్ అనే సాఫ్ట్‌వేర్ వాడే ఆఫీసుల్లో గిట్ పీ4 గిట్-ఎస్‌వీఎన్ పద్ధతిలోనే పనిచేస్తుంది. రీబేస్ పేరు అక్కడా అదే, డీకమిట్ బదులు సబ్మిట్. గిట్‌హబ్ రిపోను నేరుగా ఎస్‌వీఎన్‌తో తెరిచే దారిని 2024 జనవరి 8న మూసేశారు. పాత సలహాల్లో అది కనిపిస్తే వదిలేయండి.

రెండూ ఒకటేనా?

నమ్మకం చాలదు, పోల్చి చూడాలి. ట్రంక్‌ను "ఎస్‌వీఎన్ ఎక్స్‌పోర్ట్"తో ఒక ఫోల్డర్‌లోకి దించి, గిట్ మాస్టర్‌ను "గిట్ ఆర్కైవ్"తో ఇంకో ఫోల్డర్‌లోకి దించి, "డిఫ్ -ఆర్" కొట్టండి. డాలర్ గుర్తుల మధ్య ఐడీ, రివిజన్ అని ఉన్న లైన్లలోనే తేడా వస్తే అది తేడా కాదు. ఎస్‌వీఎన్ ఆ కీవర్డులను నింపుతుంది, గిట్-ఎస్‌వీఎన్ నింపదు. ఎక్స్‌పోర్ట్‌కు "--ఇగ్నోర్-కీవర్డ్స్" చేర్చండి. ఖాళీ ఫోల్డర్లు ఒకవైపే కనిపించడమూ మామూలే. మేం శుక్రవారం సాయంత్రం ఇది నడిపేవాళ్లం. తెర మీద ఏమీ రాకపోతే ల్యాప్‌టాప్ మూసి ఇంటికి. ఏదైనా వస్తే ముందు చాయ్.