క్లినికల్ మెడికల్ అసిస్టెంట్ శిక్షణ – 5వ పాఠం: బీపీ ఇంకా అయిపోలేదు

ఈసారి రక్తం తీసే ట్యూబుల వరుస చెప్పాలి. చెబుతాను, కానీ చివర్లో, క్లుప్తంగా. పోయిన పాఠానికి మీరు పంపిన బీపీ అంకెలు చూశాక ముందుకు కదలబుద్ధి కాలేదు.

127/83 అని రాసినవాళ్ళు ముందు ఇది వినండి. ముల్లు తిరిగే డయల్ మీద చిన్న గీతకీ గీతకీ మధ్య 2 ఉంటుంది. గీతలను బట్టి చదివితే బేసి అంకె రాదు. అంటే స్టెత్ (చెవులకి పెట్టుకుని శబ్దం వినే స్టెతస్కోప్) పక్కన పడేసి అత్తయ్యగారి బ్యాటరీ మెషీన్ బటన్ నొక్కారన్నమాట! అమెరికా క్లినిక్కుల్లోనూ మెషీన్లు ఉంటాయి, కాదనను. కానీ గుండె లయ తప్పిన పేషెంటు వస్తే మెషీన్ తికమక పడుతుంది, డాక్టర్ "చేత్తో చూడండి" అంటారు. ఇక ఇంటిల్లిపాదికీ 120/80 రాసి పంపినవాళ్ళను ఏమీ అనను.

వీపుకి ఆనుడు, కాళ్ళు నేలమీద, 5 నిమిషాల విశ్రాంతి, బట్ట లేని చెయ్యి గుండె ఎత్తులో. ఇవన్నీ మీకు వచ్చనే అనుకుంటున్నాను. కఫ్‌ను, అంటే చేతికి చుట్టే గాలి పట్టీని మాత్రం కంటితో అంచనా వేయకండి, టేపు పెట్టండి. పైచేతి చుట్టుకొలత 22–26 సెం.మీ. ఉంటే స్మాల్ అడల్ట్, 27–34 అడల్ట్, 35–44 లార్జ్. లావు చేతికి చిన్న కఫ్ కడితే లేని బీపీ కనిపిస్తుంది. ఊరి నుంచి వచ్చిన బక్కపలచని అమ్మగారికి పెద్దది కడితే ఉన్న బీపీ తగ్గి కనిపిస్తుంది.

అసలు గొడవ కఫ్‌లోకి గాలి ఎంతదాకా ఎక్కించాలన్నది. "160 దాకా ఎక్కించి వదిలాను" అని చాలామంది రాశారు. అందరికీ 160 ఏమిటండీ?

ఒక పెద్దాయన అసలు పై బీపీ 184 అనుకోండి. గాలి దించుతుంటే 184 దగ్గర స్టెత్‌లో నాడి శబ్దం మొదలైంది. 166కి వచ్చేసరికి మాయమైంది. మళ్ళీ 142 దగ్గర వినిపించి 94 దాకా కొనసాగింది. మధ్యలో ఉన్న ఆ మౌనమే ఆస్కల్టేటరీ గ్యాప్. మీరు 160 దాకానే ఎక్కిస్తే మౌనంలోనే మొదలుపెట్టినట్టు. మొదట వినిపించేది 142. మీరు 142/94 రాస్తారు, డాక్టర్ అదే నమ్ముతారు. బీపీ చాలా ఎక్కువున్న మనిషి కొంచెం ఎక్కువున్నవాడిగా ఇంటికి వెళ్తాడు. రక్తనాళాలు గట్టిపడిన పెద్దవాళ్ళలో, హై బీపీ ఉన్నవాళ్ళలో ఇది ఎక్కువ. మీరు జాగ్రత్తగా చూడాల్సింది కూడా వాళ్ళనే.

విరుగుడు తేలిక. స్టెత్ పెట్టకముందే మణికట్టు నాడి మీద వేళ్ళు పెట్టి గాలి ఎక్కించండి. నాడి ఆగిన అంకె చూసుకుని గాలంతా వదిలేయండి. అర నిమిషం నుంచి నిమిషం దాకా ఆగండి. ఇప్పుడు స్టెత్ పెట్టి ఆ అంకెకి 30 కలిపినంత ఎక్కించండి. నాడి 180 దగ్గర ఆగితే 210 దాకా. 118 దగ్గర ఆగితే 148 చాలు, పేషెంటుకి నొప్పీ తగ్గుతుంది. సెకనుకి 2–3 చొప్పున దించండి. నాడి ఆగిన ఆ మొదటి అంకెను నేను చీటీ మూల రాసుకుంటాను, తలలో పెట్టుకుంటే పేషెంటు కబుర్లలో పోతుంది. ఇంకోటి, శబ్దానికి ముందే ముల్లు ఎగురుతుంది. ఆ ఎగురుడు లెక్కలోకి రాదు, చెవికి వినబడిందే రాయాలి.

ఇక ట్యూబులు. మూతల రంగులను బట్టి తీసే వరుస ఇది: కల్చర్ సీసాలు (రక్తంలో క్రిములున్నాయేమో చూసేవి), లేత నీలం, ఎరుపు లేదా గోల్డ్, ఆకుపచ్చ, లావెండర్, బూడిద రంగు. లావెండర్‌లో ఉండేది పొటాషియం కలిసిన ఈడీటీఏ, రక్తం గడ్డకట్టకుండా ఆపే పదార్థం. అది ముందు తీసి ఎరుపు తర్వాత తీస్తే, చుక్క అంటినా పొటాషియం ఎక్కువగా, కాల్షియం తక్కువగా వస్తాయి. లేత నీలం గీతదాకా నిండాలి. బటర్‌ఫ్లై సూదితో (సన్న గొట్టం తగిలించిన రెక్కల సూది) మొదటి ట్యూబు అదే అయితే ముందు ఒక ట్యూబు పారేయడానికి తీయండి, గొట్టంలో గాలి ఉంటుంది.

అభ్యాసం: అరవై దాటిన ముగ్గురికి, ఒక్కొక్కరికి నిమిషం ఎడంతో రెండుసార్లు బీపీ చూడండి. నాడి ఆగిన అంకె, కఫ్ సైజు, ఏ చెయ్యో పక్కనే రాయాలి. డయాలసిస్ ఫిస్టులా (డయాలసిస్ కోసం ఆపరేషన్‌తో రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చేతిని ముట్టుకోవద్దు. ట్యూబుల రంగులు చివరి నుంచి వెనక్కి కూడా తడబడకుండా రావాలి.