స్కూబా సిలిండర్ నింపడం, మూడో పాఠం: గాలిలోని నీళ్లు, నింపేటప్పటి వేడి

కంప్రెసర్ గాలిని ఒకేసారి 200 బార్‌కి (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి అంత) ఎందుకు నొక్కదో కిందటి పాఠంలో చూశాం. మూడు స్టేజీల మెషీన్‌లో ఒత్తిడి ఒక్కో స్టేజీలో ఆరు రెట్ల చొప్పున పెరుగుతుంది: 1 నుంచి 6, 6 నుంచి 36, అక్కణ్ణుంచి 216. మధ్యలో కూలర్ గొట్టాల్లో గాలి చల్లబడుతుంది, దాంతో ఆవిరి నీరవుతుంది. ఆ నీటిని చాలామంది పట్టించుకోరు. నా దృష్టిలో మొత్తం పనిలో ముఖ్యమైనది అదే.

లెక్క చూడండి. విశాఖ రుషికొండ తీరంలో 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజున ఘనపు మీటరు గాలిలో సుమారు 24 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. డైవ్ సెంటర్లలో ఎక్కువగా కనిపించే అల్యూమినియం సిలిండర్ 11.1 లీటర్లది. 200 బార్‌కి నింపితే దాదాపు 2,200 లీటర్ల గాలి, అంటే 2.2 ఘనపు మీటర్లు పడుతుంది. ఒక్క సిలిండర్‌కే 50 గ్రాముల పైచిలుకు నీళ్లు! పది సిలిండర్లు నింపితే అర లీటరు.

ఆ నీళ్లు సెపరేటర్లలో, అంటే గాలి నుంచి నీటిని వేరుచేసే గిన్నెల్లో చేరతాయి. డ్రెయిన్ వాల్వ్‌ని మెల్లగా తిప్పితే నూనె కలిసిన తెల్లటి నురగ చిమ్ముతుంది. పది, పదిహేను నిమిషాలకోసారి తీసెయ్యాలి. మన కోస్తా ఉక్కలో పది నిమిషాలే నయం. ఆటో డ్రెయిన్ ఉన్నా అది నిజంగా వదులుతోందో లేదో దగ్గరుండి చూడండి.

తియ్యకపోతే నీళ్లు ఫిల్టర్‌లోకి పోతాయి. అక్కడ మాలిక్యులర్ సీవ్ తేమని పీలుస్తుంది, యాక్టివేటెడ్ కార్బన్ నూనె ఆవిరిని పడుతుంది, హాప్కలైట్ కార్బన్ మోనాక్సైడ్‌ని కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. హాప్కలైట్ తడిసిందంటే ఇక పనిచెయ్యదు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు కాబట్టి "గాలి వాసన చూశాను, బాగానే ఉంది" అన్న మాట ఎవరన్నా నమ్మకండి. మీటర్ పెట్టి చూడాల్సిందే. 30 మీటర్ల లోతులో ఒత్తిడి 4 బార్. ఒడ్డున 10 పీపీఎం (పది లక్షల వంతుల్లో 10 వంతులు) కార్బన్ మోనాక్సైడ్ ఉన్న గాలి అక్కడ 40 పీపీఎం అంత పని చేస్తుంది. యూరప్ ప్రమాణం ఈఎన్ 12021 అనుమతించేది 5 పీపీఎం మాత్రమే.

అసలు ఆ విషవాయువు లోపలికి రాకుండా చూడటం ఇంకా మేలు. కంప్రెసర్‌ని నడిపేది డీజిల్ ఇంజిన్ అయితే, పొగ గొట్టానికి దూరంగా, గాలి వచ్చే వైపు, ఎత్తులో గాలి పీల్చే ఇన్‌టేక్ పైపు పెట్టాలి. తీరంలో తెల్లవారుజామున గాలి నేల నుంచి, మధ్యాహ్నం సముద్రం నుంచి వీస్తుంది. పొద్దున సరిగ్గా ఉన్న పైపు మధ్యాహ్నానికి పొగనే పీల్చవచ్చు. మెషీన్ బాగా వేడెక్కితే లోపలి నూనె మాడి కూడా ఈ వాయువు పుడుతుంది.

ఇక నింపడం. హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడితో సిలిండర్ బలాన్ని పరీక్షించడం) తేదీ, భుజం మీద గుద్దిన వర్కింగ్ ప్రెషర్ చూడటం మొదటి పాఠంలోనే వచ్చింది. గొట్టం బిగించే ముందు సిలిండర్ వాల్వ్‌ని ఒక్క క్షణం తెరిచి మూయండి, అందులో నిలిచిన నీటిచుక్కలు ఎగిరిపోతాయి. గొట్టంలో నిలిచిన చుక్కల్ని కూడా ఊదెయ్యండి. బిగించాక ముందు సిలిండర్ వాల్వ్, తర్వాత ఫిల్ వాల్వ్ (గొట్టం వైపుది) మెల్లగా తెరవాలి. మొహం దాని మీదకి వంచకుండా పక్కకి నిలబడండి. నిమిషానికి 20 బార్ మించొద్దు. నిండాక రెండు వాల్వులూ మూసి, గొట్టంలో మిగిలిన గాలిని బయటికి వదిలేసి (బ్లీడ్ చేసి), అప్పుడే విప్పాలి.

నింపేటప్పుడు పుట్టే వేడి తగ్గించడానికి కొందరు సిలిండర్‌ని నీళ్ల తొట్టిలో నిలబెట్టి నింపుతారు. నాకది నచ్చదు. తడి వాల్వ్ మీద గొట్టం బిగిస్తే, మనం ఇంత కష్టపడి తీసిన నీళ్లే సిలిండర్‌లోకి చేరతాయి. తొట్టి కన్నా నిదానం మంచిది.

త్వరపడితే గేజ్ కూడా మోసం చేస్తుంది. 50 డిగ్రీల దగ్గర 200 చూపిన సిలిండర్ 30 డిగ్రీలకు చల్లారితే 188 చూపిస్తుంది. గేజ్ అంకెకు 1, ఉష్ణోగ్రతలకు 273 కలిపి లెక్క కట్టాలి: 201ని 303తో గుణించి 323తో భాగించి, 1 తీసెయ్యండి. తగ్గిన గాలిని చల్లారాకే నింపండి.

అభ్యాసం: 40 డిగ్రీల దగ్గర 207 బార్ ఉన్న సిలిండర్ 27 డిగ్రీల సముద్రంలో ఎంత చూపిస్తుంది? 198 వస్తే సరిగ్గా చేసినట్టే.