అన్నం పళ్లెంలో బంగారం కడగడం ఎలా?

విశాఖలో డ్రెడ్జర్ మీద పనిచేసి రిటైరయ్యాను. ఓడలు తిరిగే దారిలో మేటవేసిన ఇసుక తోడెయ్యడం మా పని. "అందులో బంగారం దొరికేదా తాతా?" అని మనవడు అడిగాడు. నోటిమాటతో వదిలే రకం కాదు, పెరట్లో కూర్చోబెట్టి చేయించాను.

అంచున్న స్టీలు పళ్లెం, బకెట్టు నీళ్లు, రెండు గుప్పెళ్ల ఇసుక చాలు. పాత కరెంటు వైరు ఒలిచి, రాగి పోగుల్ని నువ్వుగింజంత ముక్కలు 20 చేసి కలపండి. అదే మన బంగారం. పళ్లెంలో నీళ్లు పోసి ముందు బాగా కుదపండి, బరువైనవి అడుక్కి దిగాలి. ఇక్కడ తొందరపడితే అంతే సంగతులు. తర్వాత కాస్త వంచి, బియ్యం గాలించినట్టే, పైఇసుకను నీళ్లతో జారవిడవండి. మళ్లీ కుదపడం, మళ్లీ వంచడం.

మావాడికి మొదటిసారి రాగి ముక్కలు తేలి కొట్టుకుపోయాయి. చేతి జిడ్డు! గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేస్తే బుద్ధిగా మునిగాయి. అసలు బంగారు రజను కూడా ఇలాగే తేలి మోసం చేస్తుంది. నీటితో పోలిస్తే ఇసుక రెండున్నర రెట్లు బరువు, రాగి 9 రెట్లు, బంగారం 19. భీమిలి తీరంలో కనిపించే నల్ల చారలు కూడా అలలు గాలించినవే. అయితే అది ఇల్మనైట్, గార్నెట్ లాంటి బరువు ఖనిజాల ఇసుక. ఆశపడకండి.

కెనడాలోని యూకాన్‌లో 1896లో ఓ వాగులో బంగారం బయటపడితే జనం ఇలాంటి పళ్లేలతోనే ఎగబడ్డారు. సులువుగా దొరికేది అయిపోయాక కంపెనీలు డ్రెడ్జర్లు దించాయి. 1912లో కట్టిన 4వ నంబరు డ్రెడ్జర్ ఎనిమిదంతస్తుల ఎత్తు. మా ఓడలా సముద్రంలో కాదు, తాను తవ్వుకున్న గుంటలోనే తేలుతూ ముందుకు జరిగేది. గడ్డకట్టిన నేలను ముందే కరిగించి ఉంచేవారు. బకెట్ల గొలుసు దాన్ని పైకెత్తితే, తిరిగే జల్లెడ రాళ్లను వేరుచేసేది. సన్నదంతా కొబ్బరి పీచు చాపలు పరిచిన బల్లల మీదుగా పారేది, బరువైన బంగారం ఆ పీచులో చిక్కుకునేది. రాళ్లేమో వెనక్కి! పురుగు పాకినట్టు ఆ గుట్టలు లోయలో ఇప్పటికీ ఉన్నాయి.

కొబ్బరి పీచు అనగానే మావాడు గుమ్మంలో పట్టా లాక్కొచ్చాడు. వాలుగా పెట్టిన చెక్క మీద దాన్ని పరిచి, ఇసుక చల్లి, చెంబుతో మెల్లగా నీళ్లు పోయండి. ఆనక పట్టాను బకెట్లో బోర్లించి జాడించి, అడుగున దిగింది పళ్లెంలో కడగండి. మాకు 20కి 17 దొరికాయి. మిగతా మూడింటి కోసం వాడు చీకటి పడేదాకా టార్చి వేసుకుని బాదం చెట్టు మొదట్లో వెతికాడు.