బ్లెండర్‌లో మన ఇత్తడి చెంబు

కంప్యూటర్‌లో 3డీ ఆకారాలు చేసే సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌ను నేనూ, చాలామందిలాగే, డోనట్ చేయడం నేర్పే వీడియో ట్యుటోరియల్‌తోనే మొదలుపెట్టాను. ఆపుతూ, చేస్తూ మొత్తం పూర్తి చేశాను. మర్నాడు వీడియో లేకుండా చిన్న కప్పు చేద్దామని కూర్చుంటే ఏ బటన్ నొక్కాలో తోచలేదు. అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను: ఏ టెక్నిక్ చూసినా, దాంతో ఇంట్లో ఉన్న వస్తువు ఒకటి చేసి తీరాలి.

స్క్రూ మాడిఫైయర్ (గీతను గుండ్రంగా తిప్పి ఆకారంగా మార్చే సాధనం) పాఠం చూశారనుకోండి. వంటింట్లోంచి చెంబు తెచ్చి, కంటి ఎత్తులో పెట్టి, కాస్త దూరం జరిగి జూమ్ చేసి ఫొటో తీయండి. మరీ దగ్గరగా తీస్తే ఆకారం సాగిపోతుంది. ఫ్రంట్ వ్యూలో ఆ ఫొటో వెనక పెట్టుకుని, అంచు నుంచి అడుగు దాకా ఒక పక్క గీత మాత్రమే గీయండి. స్క్రూ వేయగానే అది 360 డిగ్రీలు తిరిగి చెంబవుతుంది. స్టెప్స్, అంటే ఆ చుట్టులో వచ్చే ముక్కలు, మొదట 16 ఉంటాయి, నునుపు కోసం 64 చేయండి. మందానికి సాలిడిఫై అనే మరో మాడిఫైయర్ వేస్తే చాలు.

గీత చివరి బిందువు సరిగ్గా మధ్యలో, అంటే ఎక్స్ విలువ 0 దగ్గర లేకపోతే అడుగున చిల్లు పడుతుంది. నాకు పడింది. కారణం దొరికేసరికి ఒక సాయంత్రం గడిచిపోయింది, కానీ ఆబ్జెక్ట్ ఆరిజిన్ (గీత దేని చుట్టూ తిరుగుతుందో ఆ కేంద్ర బిందువు) అంటే ఏమిటో ఆ రోజే నిజంగా అర్థమైంది.

ఇత్తడికి పసుపు రంగు, మెటీరియల్‌లో మెటాలిక్ (లోహపు గుణం) 1, రఫ్‌నెస్ (గరుకుదనం) 0.25 పెట్టండి. అయినా నల్లగా కనిపిస్తే కంగారు పడకండి, లోహం చుట్టూ ఉన్నదాన్నే చూపిస్తుంది. పాలీ హేవెన్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే హెచ్‌డీఆర్‌ఐ (వెలుతురుతో సహా చుట్టూ ఉన్న దృశ్యమంతా ఉండే ఫొటో) ఒకటి వరల్డ్ సెట్టింగ్స్‌లో పెట్టండి, చెంబు మెరుస్తుంది.

మర్నాడు వీడియో తెరవకుండా మరచెంబు చేయండి.