స్టాంపుల వెతుకులాట సైటు నడపడం - 7వ పాఠం: ఖాళీ గడి

పోయిన పాఠంలో రెండు షీట్లు తయారుచేయమన్నాను. ఒకటి స్టాంపులది, రెండోది అమ్మకానికి ఉన్న కాపీలది. పదకొండు మంది పంపారు. తొమ్మిది మంది రెండింటినీ కలిపి ఒకే షీట్ చేశారు. ఈ వారం సెర్చ్ పెట్టె మొదలుపెడదామనుకున్నాను గానీ, ఆ షీట్లు చూశాక మనసు మార్చుకున్నాను. పునాది ఇలా ఉండగా పైన ఏం కట్టినా నిలవదు. డొమైన్, హోస్టింగ్ లాంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

స్టాంపు వేరు, కాపీ వేరు. 1947 నవంబరు 21న జాతీయ జెండా బొమ్మతో 'జైహింద్' స్టాంపు వచ్చింది. స్వతంత్ర భారతం వేసిన మొదటి స్టాంపు అదే, విలువ 3½ అణాలు. మీ స్టాంపుల షీట్‌లో దానికి ఒకే ఒక్క వరస ఉండాలి. అదే స్టాంపు విజయవాడ డీలర్ దగ్గర మింట్‌గా, అంటే వాడకుండా కొత్తగా ఉంది, ఎంవీపీ కాలనీలో ఒకరి దగ్గర పోస్టాఫీసు ముద్ర పడి ఉంది అనుకోండి. అవి రెండు కాపీలు, కాపీల షీట్‌లో రెండు వరసలు. ధర, గమ్ (వెనక జిగురు), మచ్చలు, చిరిగిన పళ్లు (అంచులు), ఫొటో అన్నీ కాపీవే. ఒకరు స్టాంపుల షీట్‌లోనే 'వెనక గోధుమరంగు మచ్చలున్నాయి' అని రాశారు. మచ్చలు ఆ స్టాంపుకు లేవు, వారి ఆల్బమ్‌లో ఉన్న ముక్కకు ఉన్నాయి. మన విశాఖ గాలిలో తేమకు గమ్ అతుక్కుని మచ్చలొస్తాయి. అదే స్టాంపు అనంతపురంలో ఎవరి బీరువాలోనో శుభ్రంగా ఉండొచ్చు.

ఇది ఇంతటితో వదిలేస్తున్నాను. నన్ను నిజంగా బాధపెట్టింది వేరే ఉంది. వాటర్‌మార్క్ అంటే కాగితం తయారీలోనే పడే, మామూలుగా కనబడని గుర్తు. పదకొండు మందిలో ఒక్కరి షీట్‌లోనూ ఆ గడిలో పనికొచ్చే మాట లేదు, చాలావాటిలో ఖాళీగానే ఉంది.

రెండేళ్ల కిందట సీతమ్మధారలో ఉండే ఒక పెద్దాయన నా సైటులో వెతికారు. పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. మన దేశంలో 1957 ఏప్రిల్ 1 నుంచి అణాలు పోయి నయా పైసలు వచ్చాయి కదా, అప్పటి ఇండియా మ్యాప్ స్టాంపుల సెట్టు ఆయన పూర్తి చేస్తున్నారు. మొదట వేసిన వాటి కాగితంలో నక్షత్రాల వాటర్‌మార్క్ ఉంటుంది. 1958 నుంచి అదే మ్యాప్‌ను అశోక స్తంభం వాటర్‌మార్క్ ఉన్న కాగితం మీద వేశారు. ముందు నుంచి చూస్తే ఒకటే బొమ్మ. ఆయనకు కావలసింది నక్షత్రాల 5 నయా పైసలది. నా సైటు చూపించింది, ఆయన డబ్బు కట్టారు, కవరు వచ్చింది. మర్నాడు ఆ కవరు పట్టుకుని మా ఇంటికే వచ్చారు. నల్లటి చిన్న ట్రేలో స్టాంపును బోర్లా పెట్టి రెండు చుక్కల లైటర్ ఫ్లూయిడ్ వేశాం. కాగితం తడిసి నల్లబడుతుంటే సింహాల బొమ్మలు పైకి తేలాయి. ఆయన ఏమీ అనలేదు, స్టాంపును పట్టకారుతో తీసి బ్లాటింగ్ కాగితం మీద పెట్టారు.

అమ్మిన మనిషి తప్పేమీ లేదు. ఆయన వాటర్‌మార్క్ గడిని ఖాళీగా వదిలారు, అంతే. ఆ షీట్ సైటులోకి ఎక్కించేటప్పుడు నేను రాసుకున్న సూత్రం, ఖాళీ కనబడితే ఆ బొమ్మకున్న మొదటి వరసకు తగిలించేది. మొదటి వరస నక్షత్రాలది. పెద్దాయనకు డబ్బు నేనే తిరిగిచ్చాను, ఆ రాత్రే సూత్రం మార్చాను.

ఖాళీ గడి ఎన్ని మాటలు చెబుతుందో చూడండి. ఒకటి, ఈ కాగితానికి వాటర్‌మార్కే లేదు. 1948 ఆగస్టు 15న వచ్చిన గాంధీ స్టాంపులు స్విట్జర్లాండ్‌లో అచ్చయ్యాయి, వాటికి లేదు. రెండు, అసలు తిప్పి చూడలేదు. మూడు, చూశారు గానీ తేలలేదు, నల్లటి ముద్ర కింద కనబడలేదు. నాలుగు, చూసే వీలే లేదు, కవరుకు అతికి ఉంది, కవరు కోసమే దానికి విలువ. ఈ నాలుగూ వేర్వేరు. కొనేవారికి మొదటిది భరోసా, రెండోది అడగాల్సిన ప్రశ్న, మూడోది రిస్క్, నాలుగోది మరో రకం సరుకు.

కొందరు గడి ఖాళీగా ఉంచకూడదని తెలిసి గీత పెట్టారు. ఒకరు ప్రశ్న గుర్తు, ఒకరు 'నిల్', ఒకరు సున్నా. దయచేసి ఇవేవీ వద్దు. ఆర్నెల్ల తర్వాత ఆ గీత ఎందుకు పెట్టారో మీకే గుర్తుండదు. స్టాంపుల షీట్‌లో డ్రాప్‌డౌన్ పెట్టి 'నక్షత్రాలు', 'అశోక స్తంభం', 'లేదు' లాంటి ఖాయమైన మాటలే ఉంచండి. కాపీల షీట్‌లో వాటికి తోడు 'చూడలేదు', 'తేలలేదు', 'చూసే వీల్లేదు' కూడా ఉండాలి. డ్రాప్‌డౌన్‌లో లేని మాటను షీట్ ఒప్పుకోకూడదు. తర్వాత ఖాళీ గడులను లెక్కపెట్టే కౌంట్‌బ్లాంక్ ఫార్ములా వేసి చూడండి. సున్నా రాకపోతే ఆ షీట్ సైటులోకి ఎక్కించొద్దు.

ఇంత పట్టుదల ఎందుకంటే, మన సైటుకు వచ్చే మనిషి తన దగ్గర లేనిదాని కోసం వస్తాడు. ఆల్బమ్‌లో ఒక్క గడి మిగిలిపోయి ఉంటుంది. నక్షత్రాలది అడిగితే నా సైటు ఇప్పుడు రెండు జాబితాలు చూపిస్తుంది. పైన చూసి ఖాయం చేసినవి, కింద 'ఇంకా చూడనివి' అని విడిగా. ఎప్పుడూ కలపను. కింద ఉన్నవాటికి 'వెనక వైపు ఫొటో అడగండి' అనే బటన్ ఉంటుంది.

వాటర్‌మార్క్ చూడటానికి నేను మొదట వాడేది ఫ్లూయిడ్ కాదు. స్టాంపును బోర్లా పెట్టి, టేబుల్ లైటును పక్క నుంచి ఏటవాలుగా పడేలా జరుపుతాను. చాలావాటికి అదే సరిపోతుంది. ఫ్లూయిడ్ వాడాల్సి వస్తే కిటికీ తెరవండి, దగ్గర్లో పొయ్యి గానీ అగరుబత్తి గానీ ఉండకూడదు. కొన్ని సిరాలు కరుగుతాయి, కాబట్టి ముందు పనికిరాని కాపీ మీద చూడండి.

విలువ గడి గురించి ఒక్క మాట. '3½', '3.5', 'మూడున్నర అణాలు' అని మూడు రకాలుగా వచ్చాయి. అంకె ఒక గడిలో, 'అణా' లేదా 'నయా పైస' మరో గడిలో రాయండి. అంకె దశాంశంలోనే: 3.5, 1.5.

ఊరి పేర్లు కూడా ఇలాగే చిక్కు తెస్తాయి. పాత ముద్రల మీద మన ఊరు ఇంగ్లిష్‌లో 'విజగపటం' అని ఉంటుంది, కొన్నిటి మీద 'వాల్తేర్'. వెతికేవాళ్లు మాత్రం వైజాగ్ అనో, విశాఖ అనో కొడతారు. అన్నీ ఒక ఊరి కిందికే వచ్చేలా మారుపేర్ల షీట్ ఒకటి పెట్టుకోండి. ముద్ర మీద ఏముందో అది మాత్రం అక్షరం మార్చకుండా కాపీల షీట్‌లో ఉంచండి. ముద్రలు సేకరించేవారికి ఆ అక్షరాలే ముఖ్యం. ఊరు వేరే గడిలో ఉండటం స్టాంపులకూ పనికొస్తుంది. 'ఫ్లీట్ రివ్యూ' (నౌకాదళ సమీక్ష) అని కొడితే 2001 ముంబైదీ వస్తుంది, 2022 విశాఖదీ వస్తుంది. గాజువాక కుర్రాడికి మనదే కావాలి.

స్కానర్‌లో ఆటో కరెక్షన్ తీసేయండి. అది కాగితాన్ని తెల్లగా చేసి మచ్చలు దాచేస్తుంది, రంగు మార్చేస్తుంది. నేను నల్లటి కాగితం మీద 600 డీపీఐలో, రెండు వైపులా చేస్తాను.

అభ్యాసం: పాత మ్యాప్ స్టాంపులు కలిపి అమ్మే లాటు ఒకటి కొనండి, కనీసం వంద ముక్కలుండాలి. ముద్రలు పడినవే తీసుకోండి, చవక. వందా బోర్లా వేసి చూసి, నక్షత్రాలు, అశోక స్తంభం, తేలనివి అని మూడు కుప్పలు చేయండి. మర్నాడు కుప్పలు కలిపేసి, నిన్నటి కాగితం చూడకుండా మళ్లీ విడదీయండి. రెండు రోజుల లెక్కల్లో తేడా వచ్చిన ముక్కలన్నీ 'తేలలేదు' కుప్పలోకి వెళ్లాలి. ఆ వందను కాపీల షీట్‌లోకి ఎక్కించి, రెండు షీట్లూ విడివిడిగా పంపండి.