పాఠం 3: ఒకే రాశిలో ఉంటే కలిసినట్టేనా?

కిందటి పాఠంలో పంచాంగంలోని రాశిచక్రం చూసి ఏ గ్రహం ఎక్కడుందో గుర్తుపట్టడం నేర్చుకున్నాం. "ఫలానా రోజున గ్రహకూటమి, జాగ్రత్త" అని వాట్సాప్‌లో రాగానే టెన్షన్ పడకుండా ఆ మాటను మనమే లెక్క చూసుకోవడం ఈసారి పాఠం. పంచాంగంలో గ్రహస్ఫుటాల పట్టిక, అంటే ఏ గ్రహం ఏ రాశిలో ఎన్ని డిగ్రీల దగ్గర ఉందో చెప్పే పట్టిక, ఒకటుంటుంది. చాలామంది దాని జోలికే పోరు. మన పనంతా అక్కడే.

రాశి అంటే 30 డిగ్రీలు. ఒక గ్రహం మకరం మొదట్లో, ఇంకొకటి చివర్లో ఉన్నా చక్రంలో ఒకే గడిలో కనిపిస్తాయి. నిజానికి ఆకాశంలో వాటి మధ్య యాభైకి పైగా నిండు చందమామలను వరసగా పేర్చవచ్చు. అందుకే ముందు అడగవలసింది ఎడం ఎన్ని డిగ్రీలని. జ్యోతిషం కూడా కుజ, బుధ, గురు, శుక్ర, శనుల్లో ఏ రెండైనా ఒక డిగ్రీ లోపు చేరితేనే గ్రహయుద్ధం అంటుంది.

2020 డిసెంబరు 21 తీసుకుందాం. ఆ సాయంత్రం నైరుతి దిక్కున గురువు, శని దాదాపు ఒకే చుక్కలా కనిపించారు. ఎడం 6 కళలు. డిగ్రీకి 60 కళలు కాబట్టి, అంటే డిగ్రీలో పదో వంతు. 1623 తర్వాత అంత దగ్గరగా రావడం అదే మొదటిసారి. అయితే ఈ దగ్గరితనం మన చూపుకే. తిన్నని రోడ్డు మీద రెండు కరెంటు స్తంభాలు ఒకదాని వెనుక ఒకటి వచ్చినట్టు, భూమి మీది నుంచి చూస్తే ఒకే వరసలో పడ్డాయి, అంతే. వాటి మధ్య దూరం ఆ రోజు 70 కోట్ల కిలోమీటర్ల పైనే.

ఇప్పుడు లెక్క. రాశులను రెండు రకాలుగా కొలుస్తారు. మార్చిలో పగలు, రాత్రి సమానమైనప్పుడు సూర్యుడుండే బిందువు నుంచి కొలిస్తే సాయనం, నక్షత్రాలను పట్టి కొలిస్తే నిరయనం. రెంటికీ మధ్య తేడాయే అయనాంశ. ఆ రాత్రి గురువు సాయన స్ఫుటం కుంభం 0 డిగ్రీల 29 కళలు. మేషం మొదటి నుంచి కొలిస్తే 300 డిగ్రీల 29 కళలు. అందులోంచి ఆనాటి అయనాంశ 24 డిగ్రీల 8 కళలు తీసేయండి. 276 డిగ్రీల 21 కళలు మిగిలాయి. 270 దగ్గర మకరం మొదలవుతుంది కాబట్టి నిరయనంలో మకరం 6 డిగ్రీల 21 కళలు.

ఈ ఒక్క తీసివేతతో ఫలం తలకిందులైంది. పాశ్చాత్య జ్యోతిష్కులు సాయనం పట్టుకుని, వాయురాశి కుంభంలో కలిశారు, కొత్త యుగం మొదలైందని రాశారు. మనవాళ్లు నిరయనం ప్రకారం గురువు నీచలో, అంటే బలం తగ్గే రాశిలో, ఉన్నాడన్నారు. బలం మరీ తగ్గే చోటు, అంటే పరమ నీచ, మకరం 5 డిగ్రీలు, అక్కడి నుంచి డిగ్రీ చిల్లరే దాటాడు మరి. స్వక్షేత్రంలో, అంటే తన సొంత రాశిలో, శని ఉన్నాడు కనుక నీచభంగం, అంటే ఆ నీచ దోషం పోయినట్టే అని ఇంకొందరు. ఆ నవంబరు 20న తుంగభద్ర పుష్కరాలు మొదలైంది గురువు మకరంలో అడుగుపెట్టాడనే కదా. సాయనంలో ఆ అడుగు ఏడాది ముందే, 2019 డిసెంబరులోనే పడిపోయింది. ఆకాశం ఒక్కటే, ఫలాలు మూడు. కాబట్టి ఎవరు ఫలం చెప్పినా సాయనమా, నిరయనమా అని అడగండి. ఆ మాటకు తడుముకునేవారి ఫలాన్ని నేనైతే లెక్కలోకి తీసుకోను.

ఇక 1962 ఫిబ్రవరి. మన పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకునే అష్టగ్రహ కూటమి ఇదే. రవి, చంద్ర, కుజ, బుధ, గురు, శుక్ర, శనులతో పాటు కేతువూ మకరంలోనే. ప్రళయం వస్తుందన్నారు, దేశమంతటా హోమాలు, నామజపాలు జరిగాయి. లెక్క చూస్తే ఏడు గ్రహాలూ సుమారు 20 డిగ్రీల లోపే ఉన్నాయి, కూటమి నిజమే. ఎనిమిదోది కేతువు. అది గ్రహం కాదు, చంద్రుడి దారి సూర్యుడి దారిని దాటే బిందువు. అమావాస్య నాడు సూర్యచంద్రులు ఆ బిందువు దగ్గర పడితే గ్రహణమే. ఫిబ్రవరి 5న న్యూ గినీ వైపు సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది కూడా. మన ఊళ్లలో మాత్రం కూటమిని కంటితో చూసినవారు లేరు. గురు శుక్రులిద్దరూ మూఢంలో, అంటే సూర్యుడికి మరీ దగ్గరై కనబడని స్థితిలో, ఉన్నారు, మిగతావీ సూర్యకాంతిలో కలిసిపోయాయి.

ఆ వారం ఏ ప్రళయమూ రాలేదు. అక్టోబరులో చైనా యుద్ధం వచ్చాక, ఇది ఆ కూటమి ఫలమేనన్నారు కొందరు. ఇక్కడ గట్టిగా ఉండాలి. ముందు చెప్పింది ఫిబ్రవరి తొలివారం, ప్రళయం. ఎనిమిది నెలల తర్వాతి యుద్ధాన్ని దానికి జతచేయడం ఫలం నిజమవడం కాదు. అప్పట్లో భయంతో వణికిన కుటుంబాలకు ఆ జవాబు న్యాయం చేయదు. ఎవరైనా జోస్యం చెబితే తేదీ, మాట రెండూ ఆ రోజే నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోండి.

అభ్యాసం: 2000 మే 28న గురు శనులు సాయన వృషభం 22 డిగ్రీల 43 కళల దగ్గర కలిశారు. అయనాంశ 23 డిగ్రీల 51 కళలు. నిరయనంలో ఏ రాశి, ఎన్ని డిగ్రీలు? అదే రోజు సూర్యుడు సాయన మిథునం 7 డిగ్రీల దగ్గర ఉన్నాడు. ఎడం కట్టి, ఆ కలయిక కంటికి సులువుగా కనిపించి ఉంటుందా, లేదా చెప్పండి. జవాబులు నాలుగో పాఠంలో. 1781లో యురేనస్ దొరికాక పాశ్చాత్య జ్యోతిషం దాన్ని ఎలా కలుపుకుందో కూడా అందులోనే చూద్దాం.